మనిషికో బస్సు, బస్సుకో స్టేజీ

కేటీఆర్ గారి సూచనను ఈ రాష్ట్రంలో ఎవరూ సరిగ్గా అర్థం చేసుకోలేదు. 2024 ఆగస్టు 15న బీఆర్‌ఎస్ పార్టీ సమావేశంలో, ఆడవాళ్లకు ప్రభుత్వం పెట్టిన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం మీద మాట్లాడుతుంటే ఆయన నోట ఒక పథకం పుట్టింది. ఆడవాళ్లకు మనిషికో బస్సు పెట్టండి, అందులో కుట్లు అల్లికలు చేసుకుంటారు, అవసరమైతే బ్రేక్ డాన్సులు, రికార్డింగ్ డాన్సులు కూడా చేసుకుంటారు అన్నారు. ఇక రాష్ట్రమంతా ఒకటే గోల. యథాలాపంగా అన్నానని, అక్కచెల్లెమ్మలు నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నానని మర్నాడే ఆయన ఎక్స్‌లో రాయాల్సి వచ్చింది. ఆ నెల 24న, శనివారం మహిళా కమిషన్ ముందు హాజరు కూడా వేయించుకున్నారు. పాపం, పుట్టిన పథకానికి పురుడైనా పోయకుండానే దినం పెట్టేశారు.

మా తెల్లాపూర్ ఆడవాళ్లం అంత తొందరపడదలచుకోలేదు. దాదాపు పదేళ్లు పాలించిన పార్టీకి ఆడవాళ్ల ప్రయాణం గురించి ఇంత పెద్ద ఆలోచన రావడం ఇదే మొదలు. పారేసుకుంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని ఆదివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కమిటీ వేసుకున్నాం. మా ఇళ్లలో పని చేయడానికి వచ్చే నలుగురు, పాశమైలారంలో ప్యాకింగ్ సెక్షన్లో చేసే ఇద్దరు, రిటైరైన టీచరమ్మ ఒకరు, నేను, ఫోన్లో తెలుగు చకచకా కొట్టగలదని కింది ఫ్లోర్ డిగ్రీ అమ్మాయి. ‘మహాలక్ష్మి నృత్య రవాణా పథకం, అమలు మార్గదర్శకాలు’ అని పేరు పెట్టాం. ముసాయిదా ప్రజల ముందు ఉంచుతున్నాం.

మొదటి చిక్కు బస్సుల లెక్క దగ్గరే వచ్చింది. మా పక్కనున్న కొల్లూరుతో మొదలుపెట్టాం. కేటీఆర్ గారి ప్రభుత్వమే కట్టించిన డబుల్ బెడ్‌రూం కాలనీ, 2023 జూన్‌లో ప్రారంభించారు, 15,660 ఇళ్లు. నగరం నడిబొడ్డున పనులు చేసుకునేవాళ్లకు నగరం అంచున ఇల్లొచ్చింది కాబట్టి పొద్దున లేస్తే బస్సే దిక్కు. ఇంటికి ఒక్క ఆడమనిషే బయటికెళ్తుందనుకుందాం. (ఇది లెక్క తేలడం కోసం ఆడిన అబద్ధం.) ఒక్కో బస్సు పొడవు పన్నెండు మీటర్లు. బంపరుకు బంపరు ఆనించి నిలబెడితే 188 కిలోమీటర్లు వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం 158. అంటే ఒక్క కొల్లూరు ఆడవాళ్ల బస్సులే నగరానికి వడ్డాణంలా ఒక చుట్టు తిరిగి, ఇంకో ముప్పై కిలోమీటర్లు మిగులుతాయి. ఆ మిగిలిన తోకను సంగారెడ్డి వైపు వదలాలని తీర్మానించాం. ఆర్టీసీకి రాష్ట్రం మొత్తం మీద పదివేల బస్సులైనా లేవు కదా అని టీచరమ్మ గుర్తు చేశారు. ఆమె అభ్యంతరాన్ని నమోదు చేసుకుని ముందుకు సాగాం.

తర్వాత నృత్యం. బ్రేక్ డాన్స్‌లో తల నేలకానించి కాళ్లు పైకెత్తి గిర్రున తిరిగే భంగిమ ఒకటుంది. సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు వచ్చే 219లో సాయంత్రం ఏడింటికి అది సాధ్యమేనా అన్నది పరిశీలించాం. కాళ్లు పైకెత్తడానికి అభ్యంతరం లేదు, ఎలాగూ నేల మీద ఆనవు. తల ఆనించడానికే జాగా లేదు. పైగా జీరో టికెట్ కొట్టాలంటే కండక్టర్‌కు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి, తిరిగేటప్పుడు కార్డు పళ్ల మధ్య కరిచి పట్టుకోవాలని, ఫొటో ఉన్న వైపు బయటికి కనిపించాలని నిబంధన చేర్చాం.

ప్యాకింగ్ సెక్షన్లో చేసే ఒకామె ఇదంతా విని, మనకు కొత్తగా నేర్పేదేముందని అడిగింది. డ్రైవర్ బ్రేక్ వేస్తాడు, నిలబడ్డ అరవై మంది ఒక్కసారిగా ముందుకు పడతారు, మళ్లీ ఒక్కసారిగా వెనక్కి వస్తారు. తాళం తప్పదు, స్టెప్పు తప్పదు. బ్రేక్ డాన్స్ అంటే అదే కదా, రోజూ చేస్తూనే ఉన్నాం అంది. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కొరియోగ్రఫీ బాధ్యత డ్రైవరన్నకు, రోడ్డు మీది గుంతలకు ఉమ్మడిగా అప్పగించాం.

ఇక ఎల్లిగడ్డ. గొడవంతా మొదలైంది దాంతోనే. బస్సులో ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్న ఆడవాళ్ల వీడియో చూసి జనం నవ్వారు. తీస్తే తప్పేంటని మంత్రి సీతక్క అడిగారు. దానికి జవాబుగా వచ్చిందే ఈ నృత్య పథకం. అందుకని క్షేత్రస్థాయి పరిశీలన నేనే చేశాను. పటాన్‌చెరు నుంచి లింగంపల్లి వస్తుంటే కిటికీ పక్కన ఒకామె ఒళ్లో తువ్వాల పరుచుకుని కూర్చుంది. బొటనవేలి గోరు ఒక్కటి కావాలనే పెంచుకుంది. దాంతో రెబ్బ మొదలు గిల్లి, రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపితే పొట్టు ఊడి వస్తోంది. పొట్టు కవర్లోకి, రెబ్బ స్టీలు డబ్బాలోకి. కింద ఒక్క తునక పడలేదు. కర్రీ పాయింటుకట. ఇంటికి పోయి కూర్చుంటే రాత్రి పదవుతుంది, బస్సులోనైతే దిగేలోపు సగం పని తెములుతుంది. టీవీలో గొడవ గురించి ఎత్తాను. “మాదేనట గద లొల్లి,” అని నవ్వింది. మరి డాన్సు మాటేమిటన్నాను. “సీటు దొరికిన దినం ఎల్లిగడ్డ. దొరకని దినం ఒంటికాలు మీదనే. గదే డాన్సు.” ఆమె వాంగ్మూలాన్ని ముసాయిదాకు అనుబంధంగా జతచేశాం.

పథకానికి అఖిలపక్ష స్వభావం ఉండాలని టీచరమ్మ పట్టుబట్టారు. వెతకనక్కర్లేకుండానే దొరికింది. జూలై 31న అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు, వెనకాల కూర్చున్న అక్కలను నమ్ముకుంటే జూబ్లీ బస్టాండే గతి అని కేటీఆర్‌కు హితవు చెప్పారు. వెనకాల ఉన్నది సబితా ఇంద్రారెడ్డి, సునీతా లక్ష్మారెడ్డి. అంటే బస్టాండు అధికారపక్షం కేటాయించింది. సరిగ్గా పక్షం రోజులకు బస్సును ప్రతిపక్షం కేటాయించింది. అందులోనూ కారు గుర్తు పార్టీ బస్సు గురించి ఆలోచించడమంటే ఎంత పెద్ద మనసు! అన్ని విషయాల్లో కొట్టుకునే రెండు పార్టీలు చెప్పాపెట్టకుండా కలిసి పూర్తిచేసిన రవాణా వ్యవస్థ తెలంగాణలో ఇదొక్కటే.

శిక్షకుల విషయంలో మా ప్రాంతానికి కొరత లేదు. మాది మెదక్ లోక్‌సభ స్థానం. 1980లో ఇందిరాగాంధీ ఇక్కణ్నుంచే గెలిచారు. ఆమె ప్రధాని అయిన తొలినాళ్లలో సోషలిస్టు నాయకుడు లోహియా అంతటి మనిషి ఆమెను మాటరాని బొమ్మ అన్నాడు; మాటపడి నిలవడమెలాగో ఆమెను చూసి నేర్చుకోవచ్చు. 2009లో విజయశాంతి ఇక్కణ్నుంచే ఎంపీ అయ్యారు. డాన్సులు, ఫైట్లు రెండూ తెలిసిన మనిషి. అయితే గెంతు అనే ప్రత్యేక విభాగానికి మాత్రం మగవాళ్లే కావాలని కమిటీ భావించింది. మా పటాన్‌చెరు ఎమ్మెల్యే గూడెం మహిపాల్ రెడ్డి గారు కారు గుర్తు మీద మూడుసార్లు గెలిచి, జూలై 15న ఒక్క గెంతులో కాంగ్రెస్‌లో దిగారు. గాల్లో ఉన్నప్పుడు కండువా రంగు ఎలా మారిందో చూసినవాళ్లెవరూ పట్టుకోలేకపోయారు. ఇంత కష్టమైన భంగిమను ఆయన చేసినా, అదే ఏడాది ఆయన కంటే ముందు తొమ్మిది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు చేసినా ఎవరూ రికార్డింగ్ డాన్స్ అనలేదు. రాజకీయ పునరేకీకరణ అన్నారు. ఎల్లిగడ్డకు కూడా అంత గౌరవమైన పేరొకటి వెతకాలని తీర్మానించాం.

తప్పు చేసినవాళ్లకు శిక్షలేమిటో కూడా రాసుకున్నాం. దీనికి మహిళా కమిషన్ పద్ధతే ఆదర్శం. శనివారం కేటీఆర్‌ను విచారణకని పిలిచారు. బుద్ధభవన్ బయట రెండు పార్టీల ఆడవాళ్లు తోపులాడుకున్నారు. లోపల, విచారణకు వచ్చిన ఆయనకు కమిషన్ సభ్యులు కొందరు రాఖీలు కట్టారు. రాఖీ పౌర్ణమి అంతకు ముందు సోమవారమే అయిపోయింది, అయినా ఆప్యాయతకు తిథి ఏముంది. రాఖీ కట్టిన సభ్యులకు నోటీసులిస్తామని చైర్‌పర్సన్ నేరెళ్ల శారద గారు అన్నారు. దీన్నిబట్టి మార్గదర్శకాల్లో ఇలా రాసుకున్నాం: బస్సులో ఎవరైనా మగవాడు అసభ్యంగా మాట్లాడితే ముందుగా నోటీసు, వచ్చాక రాఖీ, కట్టినామెకు నోటీసు. ఆ మాట ఎవరి గురించి అన్నాడో వాళ్లు ఇదంతా టీవీలో చూసుకోవచ్చు.

ఇక మిగిలింది రికార్డింగ్ డాన్స్ ఒక్కటే. అక్కడ టైపు చేస్తున్న అమ్మాయి ఆగింది.

“రికార్డింగ్ డాన్స్ అంటే ఏంది ఆంటీ? రీల్స్ అసుంటిదా?”

నిజమే, ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది. చెప్పాను. జాతరల్లో, తిరునాళ్లలో పొద్దుపోయాక వేసేవాళ్లు. చెక్కల స్టేజీ, ట్యూబులైట్లు, పాత సినిమా పాట రికార్డు. బతుకుతెరువు కోసం ఎక్కడెక్కణ్నుంచో వచ్చిన ఆడపిల్లలు చాలీచాలని బట్టల్లో ఆడతారు. కింద ఈలలు, కేకలు, విసిరే నోట్లు. పోలీసులొస్తే లైట్లు ఆర్పేస్తారు.

“సూసెటోళ్లంత మగోళ్లేనా?”

ఎక్కువగా వాళ్లే అన్నాను.

“మరి మా బస్సుల డాన్సు ఎవరు సూస్తరనుకొని అన్నడు ఆంటీ?”

కమిటీలో తొమ్మిది మంది ఉన్నాం. ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఆ అమ్మాయి కొంచెంసేపు ఫోన్ వైపు చూసి, తన సంగతి చెప్పింది. ఆగస్టులోనే వాళ్ల కాలేజీలో క్లాస్ రిప్రజెంటేటివ్ ఎన్నిక జరిగింది. తను నిలబడింది. మాట్లాడదామని లేస్తే వెనక బెంచీల నుంచి జూబ్లీ బస్టాండ్, జూబ్లీ బస్టాండ్ అని ఒకటే అరుపులట. “సార్ గూడ నవ్విండు,” అంది. మరి నువ్వేం చేశావు అని అడిగితే, సార్ వైపే చూస్తూ చెప్పాలనుకున్నదంతా చెప్పిందట. ఓడిపోయింది. అది పిల్లల సరదా కదా, పోనీయమ్మా అన్నారు టీచరమ్మ.

“జోక్ గాదు టీచర్. మమ్మల్ని కూసోవెట్టుడు.”

ముసాయిదా అక్కడితో ఆగిపోయింది. నాకూ ఇక వెటకారం చేసే ఓపిక లేదు.

సబితా ఇంద్రారెడ్డి ఈ దేశంలో ఒక రాష్ట్రానికి హోంమంత్రి అయిన మొదటి మహిళ. 2009 నాటి మాట. పోలీసు శాఖను నడిపిన మనిషిని అసెంబ్లీలో బస్టాండు మాటతో కంటతడి పెట్టించారు. అప్పుడు ఆమె పక్షాన లేచి, మా ఆడబిడ్డలను అవమానించారని గొంతు చించుకున్న పార్టీ వేరే ఏదో కాదు, బీఆర్‌ఎస్సే. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ పార్టీ వర్కింగ్ ప్రెసిడెంటే బస్సెక్కే ఆడవాళ్లందరికీ రికార్డింగ్ డాన్స్ అంటగట్టారు. సీతక్క అడవిలో తుపాకీ పట్టి, బయటికొచ్చి లా చదివి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి మంత్రి అయ్యారు. ఆమె వేసిన ప్రశ్న చిన్నది. దారిలో పని చేసుకుంటే తప్పేంటి? దానికి చెప్పదగ్గ జవాబు ప్రతిపక్షం దగ్గర ఉంది కూడా. పథకమిచ్చారు, బస్సులేవి? పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న ఆడవాళ్లకు మీరేం చెప్తారు? ఈ మాట అడిగి ఉంటే మా సెల్లార్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ కేటీఆర్‌కు చప్పట్లు కొట్టేవాళ్లు. అడగలేదు. నవ్వించడం తేలిక.

రేవంత్ రెడ్డి గారి పార్టీ వాళ్లు కమిషన్ బయట నినాదాలిస్తే చూసి మాకేం సంబరం లేదు. అసెంబ్లీ రికార్డుల్లోకి బస్టాండును ఎక్కించింది వాళ్ల నాయకుడే. ఆయనను ఏ కమిషనూ పిలవలేదు.

యథాలాపంగా అన్నాను అన్న మాట మాత్రం నేను నమ్ముతున్నాను. అందులో అబద్ధం లేదు. ఆలోచించకుండానే వచ్చింది. నాకు మంటంతా అక్కడే. పవర్ ప్లాంట్ల గురించి, ప్రాజెక్టుల గురించి మాట్లాడేటప్పుడు ఈ నాయకులు కాగితాలు చూసుకుంటారు, అంకెలు సరిచూసుకుంటారు. ఆడవాళ్ల గురించైతే ఏ కాగితమూ అక్కర్లేదు, నోటికొచ్చిందే ప్రసంగం.

అంకెలు మా దగ్గర ఉన్నాయి, కావాలంటే ఇస్తాం. 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబర్ దాకా తెలంగాణ మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. అయిదేళ్ల పైచిలుకు. 2023 ఆగస్టులో కేసీఆర్ 115 మంది అభ్యర్థుల జాబితా చదివితే అందులో మహిళలు ఏడుగురు. మిగతా పెద్ద పార్టీల్లో ఒక్కటి కూడా ఇరవై మంది ఆడవాళ్లను నిలబెట్టలేదు. 119 మంది ఉన్న సభకు పది మంది గెలిచారు. వాళ్లలో ఒకరు, 37 ఏళ్ల లాస్య నందిత, 2024 ఫిబ్రవరిలో ఇక్కడే పటాన్‌చెరు దగ్గర ఔటర్ మీద ప్రమాదంలో పోయారు. ఉప ఎన్నికలో ఆ సీటు మగవాడికి వెళ్లింది. ఇప్పుడు తొమ్మిది. ఆ తొమ్మిది మందిలో ఇద్దరికి బస్టాండు చూపించారు, ఇంకొకరి ప్రశ్నకు డాన్సు జవాబిచ్చారు. ఆడవాళ్లకు ఈ పార్టీలు ఉదారంగా ఇచ్చే టికెట్ ఒక్కటే, కండక్టర్ మిషన్లోంచి వచ్చే జీరో టికెట్.

మా మున్సిపాలిటీ పాలకవర్గం గడువు 2025 జనవరితో తీరింది. చట్టం ప్రకారం సగం వార్డులు ఆడవాళ్లవి. మా కింది ఫ్లోర్ అమ్మాయికి 21 నిండాక ఎన్నికలు పెడితే నిలబడవచ్చు. ఆ పిల్ల వార్డులో ఏ సందులో డ్రైనేజీ పొంగుతుందో, కొల్లూరు వైపు ఆఖరి బస్సు ఎన్నింటికి పోతుందో చెప్పగలదు. వాళ్ల నాన్న ఇప్పుడే వద్దనేశాడు. “హోంమంత్రి చేసిన సబితమ్మనే ఏడిపిచ్చిన్రు, నిన్ను ఇడుస్తరా?” అన్నాడట. ఆయన చెడ్డవాడేం కాదు. పేపర్ చదువుతాడు, అంతే.

కేటీఆర్ గారూ, రేవంత్ రెడ్డి గారూ, ఆ తండ్రికి జవాబు మీరే చెప్పాలి. రాఖీ కట్టించుకున్న చేత్తో ఎక్స్‌లో రాసే విచారం ఆయనకు చాలదు. పొద్దున ఆరింటికి కొల్లూరు నుంచి ఎన్ని బస్సులు వేస్తారో, వేయిస్తారో చెప్పండి. వచ్చే ఎన్నికల్లో ఎంతమంది ఆడవాళ్లకు బీఫారాలిస్తారో చెప్పండి. రెండే అంకెలు. ఈసారి మాత్రం కాగితం చూసి చదవండి.